పూడికలున్న గుండెకు ఎంత వ్యాయామం: నడకతో ఆగాలా, చెమట పట్టేదాకా వెళ్లాలా?

తొలిపొద్దు:
గుండె రక్తనాళాల్లో పూడికలున్నాయని తేలి, స్టెంటు వేయించుకుని ఇంటికి వచ్చేవారి చేతిలో ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో వివరంగా రాసిన కాగితం ఉంటుంది. వ్యాయామం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలాసార్లు ‘ఎక్కువ శ్రమ పడకండి’ అన్న ఒక్క ముక్కతో సరి. ఎక్కువంటే ఎంతో తెలియక ఇంటిల్లిపాదీ కలిసి ఆ మనిషిని కుర్చీకి పరిమితం చేసేస్తారు. నా వాదన సూటిగా చెబుతాను. జబ్బు నిలకడగా ఉన్న రోగికి తీరిగ్గా వేసే నాలుగడుగులు చాలవు. ట్రెడ్‌మిల్ పరీక్ష (కదిలే పట్టీ మీద నడిపిస్తూ గుండె తీరు చూసే పరీక్ష) చేసి, ఒంటికి చెమట పట్టేదాకా వ్యాయామం చేయించాలి. మందుకు మోతాదు రాసినట్టే దీనికీ రాయాలి.

ఇది కొత్త సంగతి కాదు. శ్రమ పడితే ఛాతీ పట్టేసే యాంజినా నొప్పిని 1772లో వివరంగా వర్ణించిన ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డెన్, రోజూ అరగంట కట్టెలు కోసే పని పెట్టుకున్న ఒక రోగికి జబ్బు దాదాపు నయమైందని రాశారు. ఆ తర్వాత వైద్యమే వెనక్కి నడిచింది. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనివ్వలేదు. 1952లో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనే అమెరికా వైద్యులు రోగులను తొలి రోజుల్లోనే లేపి కుర్చీలో కూర్చోబెట్టడం అప్పటికి పెద్ద సాహసం.

జర్మనీలోని లైప్‌జిగ్ వైద్యులు 2004లో ప్రచురించిన అధ్యయనం చూడండి. 101 మంది రోగుల్లో ఒక జట్టుకు స్టెంటు వేశారు, మరో జట్టు చేత రోజూ 20 నిమిషాలు వ్యాయామ సైకిలు తొక్కించారు. ఏడాది తిరిగేసరికి గుండెకు సంబంధించిన ఉపద్రవాలేవీ లేకుండా ఉన్నవారు స్టెంటు జట్టులో 70 శాతం, సైకిలు జట్టులో 88 శాతం.

నిదానం:
తొలిపొద్దు గారూ, ఆ అధ్యయనం నేనూ చదివాను. మీరు వదిలేసినవి కొన్ని ఉన్నాయి. అందులో ఉన్నదంతా 70 ఏళ్లు దాటని మగవారు. మొదటి రెండు వారాలు ఆసుపత్రిలోనే, వైద్యుల కళ్ల ముందే సైకిలు తొక్కారు. అదీ తమ గుండె అందుకోగల గరిష్ఠ వేగంలో 70 శాతం దగ్గరే. అది మధ్యరకం శ్రమ. మీ వాదన కన్నా నా వాదనకే అది బలం.

అమెరికాలో సామాన్యులకు పరుగు అలవాటు చేసినవారిలో ముఖ్యుడైన జిమ్ ఫిక్స్ 1984లో, 52వ ఏట, రోజూ వెళ్లే పరుగుకే వెళ్లి చనిపోయారు. శవపరీక్షలో గుండె రక్తనాళాలు తీవ్రంగా పూడుకుపోయి కనిపించాయి. బరువైన శ్రమ చేసిన తర్వాతి గంటలో గుండెపోటు ముప్పు దాదాపు 6 రెట్లు పెరుగుతుందని 1993లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఇంత తెలిసీ చెమట పట్టేదాకా అనడం నాకు మింగుడుపడటం లేదు. చురుకైన నడక చాలు. దానివల్ల ప్రాణం పోయినవారు అరుదు.

తొలిపొద్దు:
నిదానం గారూ, ఆ 6 రెట్లు అన్నది సగటు. అదే అధ్యయనంలో ఆ సగటును విడదీసి చూపారు. ఏనాడూ ఒళ్లు వంచనివారికి ఆ గంటలో ముప్పు 107 రెట్లు. వారానికి 5 సార్లో అంతకు మించో శ్రమ చేసేవారికి 2.4 రెట్లు. అసలు ఆ ఒక్క గంటలో గుండెపోటు వచ్చే అవకాశమే చాలా తక్కువ, రెట్లు పెరిగేది ఆ తక్కువ మీద. మీరు కూర్చోబెట్టిన మనిషే ఒకనాడు కదిలే బస్సు కోసం పరుగెత్తక తప్పని పరిస్థితిలో పడతాడు. ఆ రోజుకు అతణ్ని సిద్ధం చేసేది ఎవరు? ఫిక్స్ సంగతికి వస్తే, ఆయన తండ్రికి చిన్న వయసులోనే గుండెపోటు వచ్చింది. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోమన్నా ఆయన చేయించుకోలేదు. నేను అడుగుతున్నది ముందు ఆ పరీక్షే కదా.

ఫిజియో:
గుండె రోగుల చేత వ్యాయామం చేయించడం నా వృత్తి. ఇద్దరూ ‘శ్రమ’ అన్న మాటనే అటూ ఇటూ లాగుతున్నారు కాబట్టి గుండెలో జరిగేది చెబుతాను. విశ్రాంతిలో ఉన్నప్పుడే గుండె కండరం తనకు అందే ఆక్సిజన్‌లో సుమారు 70 శాతం వాడేసుకుంటుంది. పని పెరిగితే మరింత రక్తం రావాలి తప్ప వేరే దారి లేదు. పూడిక ఉన్నచోట అది రాదు, అందుకే ఛాతీ పట్టేస్తుంది. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారికి అదే పనికి నాడి వేగం తగ్గుతుంది, రక్తనాళపు లోపలి పొర మెరుగ్గా వ్యాకోచిస్తుంది. నిన్న నొప్పి తెచ్చిన మెట్లు రేపు తేకపోవడానికి కారణం ఇదే.

తీవ్ర వ్యాయామం మీద, గుండె రోగులు కోలుకునేందుకు వ్యాయామం చేయించే నార్వే కేంద్రాల లెక్క 2012లో వచ్చింది. 4,846 మంది రోగులు, మొత్తం 1,75,820 గంటల వ్యాయామం. మధ్యరకం వ్యాయామంలో గుండె ఆగి ఒకరు చనిపోయారు. తీవ్ర వ్యాయామంలో ఇద్దరికి గుండె ఆగినా బతికారు. తీవ్ర వ్యాయామం గంటలు తక్కువ కాబట్టి అందులో ముప్పు కొంత ఎక్కువే అనుకోవాలి. అయినా రెండింటా చాలా స్వల్పం. ఇదంతా పక్కన సిబ్బంది ఉన్నచోట జరిగిందని మాత్రం మరవకండి. బెల్జియంలో 200 మందితో చేసిన 2015 అధ్యయనంలో రెండు రకాల వ్యాయామంతోనూ శరీర సామర్థ్యం దాదాపు సమానంగానే పెరిగింది. అందుకే ఇంట్లో ఒంటరిగా చేసేవారికి నేను మధ్యరకమే చెబుతాను. ఈ విషయంలో నిదానం గారి వైపే.

ఆచరణలో కొన్ని సంగతులు. 220 నుంచి వయసు తీసేసి గుండె వేగం లెక్కకట్టే పద్ధతి బీటా బ్లాకర్ వాడేవారికి పనికిరాదు, ఆ మందు నాడిని పెరగనివ్వదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ స్థాయి చాలు. ట్రెడ్‌మిల్ పరీక్షలో నొప్పి గానీ ఈసీజీలో మార్పు గానీ మొదలైనప్పటి గుండె వేగం తెలిస్తే, నిమిషానికి దానికన్నా కనీసం 10 కొట్టుకోవడాల కిందే ఉండాలి. మొదట 10 నిమిషాలు మెల్లగా ఒళ్లు వేడెక్కించాలి, చివర ఒక్కసారిగా ఆగిపోకూడదు. తేలికపాటి బరువులు ఎత్తవచ్చు, ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు.

పెద్దకూతురు:
మా నాన్నగారి గురించి అడగాలి. స్టెంటు వేసి చాలా కాలమైంది. మేం ఇల్లు మారలేదు, మెట్లూ అవే. ఈమధ్య ఆయన మధ్యలో ఆగి, జేబులోంచి ఫోను తీసి చూస్తున్నట్టు నిలబడుతున్నారు. మొన్న పక్కకు వెళ్లి చూస్తే ఫోను తెర వెలగనేలేదు, ఎడమచేయి రెయిలింగును గట్టిగా పట్టుకుని ఉంది. అడిగితే ఏమీ లేదంటారు. ఇలా దాచేవారికి చెమట పట్టేదాకా అని ఎలా చెబుతాం?

నిదానం:
నా భయం కూడా ఇదే. వ్యాయామ పద్ధతులన్నీ రోగి నిజం చెబుతాడన్న నమ్మకం మీదే నిలబడ్డాయి.

తొలిపొద్దు:
ఎందుకు దాస్తున్నారో కూడా ఆలోచించండి. నొప్పి అంటే ఉన్న కాస్త నడకా మాన్పిస్తారని కావచ్చు. మనం భయపెట్టినకొద్దీ వాళ్లు దాస్తారు.

ఫిజియో:
అమ్మా, మీ ప్రశ్న ఇప్పుడు వ్యాయామం గురించినది కాదు. ముందు ఎక్కిన మెట్లకే ఇప్పుడు ఆగవలసి వస్తుంటే అది నిలకడ తప్పిన జబ్బు కావచ్చు. అలాంటప్పుడు వ్యాయామం చేయకూడదు. ‘నొప్పి ఉందా’ అని అడగకండి, లేదనే అంటారు. ‘ఎన్నో మెట్టు దగ్గర ఆగుతున్నారు, పోయిన నెల ఎక్కడ ఆగేవారు’ అని అడగండి. బిగువు, మంట, దవడ లాగడం, ఆయాసం, ఏదైనా లెక్కే. ఆయన ఏం చెప్పినా ఈరోజే కార్డియాలజిస్టుకు చూపించండి. కూర్చుని ఉండగా వచ్చినా, డాక్టరు నాలుక కింద పెట్టుకోమన్న మాత్రకు 5 నిమిషాల్లో తగ్గకపోయినా అంబులెన్సు పిలవండి. మీరే బండిలో తీసుకెళ్లవద్దు.