600 సీసాలే చేశారంటే ఎక్కువ ధర పెట్టాలా?

ఇందిరానగర్ వాసి:
నిన్న రాత్రి ఇంట్లో ఒక ఫ్రెంచి రెడ్ వైన్ తీశాం. దక్షిణ రోన్ లోయది. ద్రాక్ష రకాల్లో ఎక్కువ భాగం గ్రెనాష్, తక్కింది సిరా, మూర్వెద్ర్. రెండే పీపాలు, 600 సీసాలే చేశామని లేబుల్ మీద ఉంది. ఆ మాట చూసే బెంగళూరులో ఏడు వేలు పెట్టి కొన్నాను. గ్లాసులో పోస్తే ఎరుపు ఎంత పల్చగా ఉందంటే, గ్లాసు పట్టుకున్న వేళ్లు అవతలి నుంచి కనిపించాయి. ఒక గుక్కకే గొంతు మండింది. “నీళ్లు కలిపారు బావా” అన్నాడు మా బావమరిది. తక్కువ చేశామన్న మాటనే అమ్ముతున్నారని నా అభిప్రాయం. మీరేమంటారు?

ద్రాక్షపందిరి:
పల్చని రంగు కల్తీ కాదండీ. రెడ్ వైన్‌కు రంగు తొక్క నుంచే వస్తుంది, గ్రెనాష్ తొక్క పల్చన. రంగు కోసం, కాస్త వగరు కోసం మిగతా రెండూ కలుపుతారు. గ్రెనాష్ ఆలస్యంగా పండే రకం. ఎండకు చక్కెర బాగా చేరి ఆల్కహాలు 14, 15 శాతానికి పోతుంది. ఇక లెక్క: 225 లీటర్ల పీపాకు 300 సీసాలు, కాబట్టి 600 నిజమే. పొదల్లా పెంచిన ముసలి తీగలు కాపు తక్కువ ఇస్తాయి. ఆ లోయలోనే పేరున్న వైన్ ప్రాంతం షాతోనెఫ్ దు పాప్‌లో హెక్టారుకు 35 హెక్టోలీటర్లు, అంటే 3,500 లీటర్లు మించకూడదని నియమమే ఉంది. ఆ కాపుకు ధర కట్టడం న్యాయమే.

యలహంక రైతుబిడ్డ:
నేను ఒప్పుకోను. మీ లెక్కనే చూద్దాం. 600 సీసాలంటే 450 లీటర్లు, హెక్టారుకు 3,500 లీటర్ల చొప్పున సుమారు హెక్టారులో ఎనిమిదో వంతు, మన కొలతలో 32 సెంట్ల పంట. నలభై ఎకరాలున్నవాడు కూడా రెండు పీపాలు పక్కకు తీసి అదే అంకె వేయగలడు. ఆ పీపాలను ఎందుకు వేరు చేశాడు, ఏ తోట ముక్క నుంచి తీశాడు అన్నది లేబుల్ చెప్పాలి. మాకూ తోట ఉండేది. చెట్టుకు కాయ తగ్గిస్తే రుచి పెరగడం చూశాను, విస్తీర్ణం తగ్గితే పెరగడం చూడలేదు. రోన్‌లో రైతు సహకార సంఘాలు వేల సీసాలు చేస్తాయి, వాటిలోనూ మంచివి ఉన్నాయి. పైగా ఆ ఏడు వేలలో సుంకం, ఎక్సైజు ఎంతో చూడండి. అదంతా తోటకు చేరిన డబ్బు కాదు.

నెల్లూరమ్మాయి:
ధర సంగతి సరే, అన్నయ్యగారూ, సీసా బీరువాలోంచి నేరుగా తీశారా? ఏం వడ్డించారు?

ఇందిరానగర్ వాసి:
అవునమ్మా, బీరువాలోదే. గోంగూర మాంసంతో తాగాం.

నెల్లూరమ్మాయి:
అయితే తప్పు వైన్‌ది కాదు. మన గది వేడి 27, 28 డిగ్రీలు. దీనికి 16 దగ్గర ఉండాలి, లేకపోతే ఆల్కహాలే ముక్కుకు తగులుతుంది. గ్రెనాష్‌లో పులుపు తక్కువ, గోంగూర పక్కన చప్పబడుతుంది. ఎండుమిరప కారం మంటను ఇంకా రేపుతుంది. మిగిలి ఉంటే అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, మిరియాల వేపుడుతో చూడండి. ఈ రోజే తాగండి, గాలి తగిలితే గ్రెనాష్ త్వరగా పాడవుతుంది.

ఇందిరానగర్ వాసి:
పావు సీసా మిగిలింది, ఇప్పుడే చూశాను. మంట లేదు. ముందు స్ట్రాబెర్రీ వాసన, మింగాక నాలుక చివర తెల్ల మిరియం. నీళ్లన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ధర మీద మాత్రం రైతుబిడ్డగారి పక్షమే. వచ్చే శనివారం అదే లోయ సహకార సంఘం సీసా ఒకటి, ఈ 600 సీసాలది ఇంకొకటి కొని, రెంటికీ గుడ్డ చుట్టి పోస్తాను. ముగ్గురూ రండి.