బెల్టా, డైరెక్ట్ డ్రైవా: తేడా నిజంగా ఎక్కడుంది?

మొదటి పోస్టు:
రికార్డు ప్లేయర్లలో, రబ్బరు బెల్టుతో రికార్డుని తిప్పే బెల్ట్ టేబుల్ కమ్మగా పలుకుతుంది, మోటారే నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్ పొడిగా ఉంటుంది అని అందరూ అంటుంటారు. చాలా ఏళ్లు నేనూ నమ్మాను, ఇప్పుడు నమ్మట్లేదు. మనం టేబుల్ సౌండ్ అనుకునేదాంట్లో చాలా వరకు రికార్డు మీదికి చాచే ఆర్మ్‌కీ, దాని చివర ముల్లుతో ఉండే కాట్రిడ్జ్‌కీ జోడీ కుదరకపోవడమే. నా బెల్ట్ టేబుల్ ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (కదిలేటప్పుడు ముల్లుకి తెలిసే బరువు) 20 గ్రాములు, దానికి 25 కంప్లయన్స్ (ముల్లు ఎంత మెత్తగా కదులుతుందో చెప్పే అంకె) ఉన్న 7 గ్రాముల కాట్రిడ్జ్ బిగించి, బేస్ ఎంత నిండుగా ఉందో అని మురిసిపోయాను. ఒకరోజు స్పీకర్ గ్రిల్ తీసి చూస్తే, కాస్త వంగిన రికార్డు మీద ముల్లు ఆనగానే, పాట ఇంకా మొదలు కాకముందే, వూఫర్ (బేస్ పలికించే పెద్ద స్పీకర్) కోన్ ముందుకీ వెనక్కీ ఊగిపోతోంది! ఆర్మ్, కాట్రిడ్జ్‌ల మొత్తం బరువునీ కంప్లయన్స్‌నీ గుణించి, ఆ వర్గమూలంతో 159ని భాగిస్తే రెజొనెన్స్, అంటే ఆ జోడీ తనంతట తాను ఊగే వేగం, వస్తుంది. 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండాల్సింది నాకు 6 వచ్చింది. అదే కాట్రిడ్జ్‌ని 9 గ్రాముల ఆర్మ్‌కి మారిస్తే 8 దగ్గరికొచ్చింది, వూఫర్ కుదురుకుంది. నాకు నచ్చిన ఆ నిండుతనం కూడా సగం పోయింది.

జవాబు:
మీ లెక్క సరే, కానీ డ్రైవ్‌తో తేడా రాదంటే ఒప్పుకోనండి. పియానో మెట్టు నొక్కి స్వరాన్ని సాగనిచ్చిన చోట వినండి, నా బెల్ట్ టేబుల్ మీద శ్రుతి వణుకుతుంది. 1970లో టెక్నిక్స్ వాళ్లు ఎస్‌పీ-10లో బెల్ట్ తీసేసి ప్లాటర్‌ని (రికార్డు పెట్టే పళ్లేన్ని) నేరుగా మోటార్‌తో తిప్పింది ఊరికే కాదు.

మొదటి పోస్టు రాసినవారు:
వణుకు నిజమే, కానీ అది టేబుల్‌దా, రికార్డుదా? మధ్య రంధ్రం అర మిల్లీమీటరు పక్కకి ఉంటే చాలు, కేంద్రానికి 60 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న లోపలి గాడిలో శ్రుతి 0.8 శాతం అటూ ఇటూ జరుగుతుంది. మంచి బెల్ట్ టేబుల్ తప్పు అందులో చిన్న భాగం. ప్రతి చుట్టుకీ, అంటే 1.8 సెకన్లకోసారి, ఆర్మ్ తల పక్కలకి ఊగుతోందేమో చూడండి.

ఇంకొకరు:
నాకైతే డెనాన్ డీఎల్-103 కాట్రిడ్జ్‌ని బరువైన ఆర్మ్ మీద పెట్టి వినడమే ఇష్టం. రికార్డు చివరికొచ్చేసరికి ముల్లు కింద గాడి వేగం సెకనుకి 51 సెంటీమీటర్ల నుంచి 21కి పడిపోతుంది, దాని గుండ్రటి ముల్లుతో అక్కడ 'స' అక్షరాలు గరగరలాడతాయి. అయినా పాడేవాళ్ల గొంతు దాని మీద వచ్చినంత దగ్గరగా నాకు వేరేదేనిలోనూ రాలేదు. ఇది నా చెవి మాట, అందరికీ ఇదే సరైందని అనను.

జవాబు:
రేపే ఆ పియానో రికార్డు పెట్టి ఆర్మ్ తల చూస్తాను. అది కదలకుండా స్వరం వణికిందంటే మాత్రం మళ్లీ ఇక్కడికే వస్తాను.