లేజర్ ఎన్‌గ్రేవర్ ఫొటో మధ్యలో ఆగిపోతోంది

ప్రశ్న: 10 వాట్ల డయోడ్ మెషిన్, జీఆర్‌బీఎల్ (మెషిన్ కదలికల్ని నడిపే సాఫ్ట్‌వేర్) కంట్రోలర్, డిజైన్ పంపడానికి కంప్యూటర్‌లో లైట్‌బర్న్ ప్రోగ్రామ్. ఎండీఎఫ్ (చెక్క పొడితో నొక్కి చేసిన పలక) మీద ఫొటో చెక్కుతుంటే ఒకసారి 20 నిమిషాలకు, ఇంకోసారి 40కి హెడ్ నిలబడిపోతోంది. స్క్రీన్ మీద "బిజీ" అనే ఉంటుంది. చిన్న డిజైన్లు బాగానే పూర్తవుతున్నాయి. ఎక్కడ వెతకాలండీ?

జవాబు 1: ముందు ప్రమాదం సంగతి. హెడ్ ఆగాక కూడా బీమ్ వెలుగుతూ ఉంటే చెక్క అంటుకుంటుంది. దయచేసి మెషిన్‌ని వదిలి వెళ్లకండి. లైట్‌బర్న్ కన్సోల్‌లో $$ కొడితే సెట్టింగులు వస్తాయి, అందులో $32 (లేజర్ మోడ్) విలువ 1 ఉందో లేదో చూడండి. అది 1 ఉండి, ఎం4 మోడ్‌లో (వేగాన్ని బట్టి బీమ్ పవర్ మారే మోడ్) నడిస్తే కదలిక ఆగగానే బీమ్ ఆరిపోతుంది. ఎం3లో (పవర్ స్థిరంగా ఉండే మోడ్) అలా ఆరదు.

జవాబు 2: ఆగే చోటు ప్రతిసారీ మారుతోందంటే ఫైలును అనుమానించక్కర్లేదు, ఎక్కువగా యూఎస్‌బీ లింకే తెగుతుంటుంది. హబ్ తీసేసి, ఫెర్రైట్ గుండు (కరెంటు నాయిస్‌ను తగ్గించేది) ఉన్న పొట్టి కేబుల్, మీటరున్నర లోపుది, నేరుగా పెట్టండి. ఎయిర్ పంపు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉన్నాయా? వేరే సాకెట్‌కి మార్చండి. ఆ మోటార్ల కరెంటు నాయిస్‌కే కంట్రోలర్ రీసెట్ కావచ్చు. విండోస్ పవర్ ఆప్షన్లలో స్లీప్, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (ఖాళీగా ఉన్న యూఎస్‌బీకి పవర్ ఆపేది) రెండూ ఆపేయండి.

ప్రశ్న అడిగినవారు: పంపు అదే బాక్సులో ఉందండీ. మారుస్తాను. సగం చెక్కిన పలక పనికొస్తుందా?

జవాబు 3: పలక కదలకపోతే వస్తుంది. హోమింగ్ చేసి (హెడ్‌ని దాని మొదటి స్థానానికి పంపి), లైట్‌బర్న్ ప్రివ్యూలో స్లైడర్‌ని ఆగిన గీతకు కాస్త ముందు పెట్టి "స్టార్ట్ హియర్" నొక్కండి. లిమిట్ స్విచ్‌లు (హెడ్ అంచుకు చేరిందని చెప్పేవి) లేని మెషిన్ అయితే కరెంటు తీశాక స్థానం పోతుంది, గీతలు కలవవు. మెషిన్‌కి ఎస్‌డీ కార్డు స్లాట్ ఉంటే అదే ఫైలు దాన్నుంచి నడపండి. అక్కడా ఆగితే అడాప్టర్ పిన్ను వదులైందేమో, వేడెక్కుతోందేమో చూడండి.