స్కూల్ ప్రాజెక్టుకు ఐదు ఖనిజాలు, తిరుపతిలో ఎక్కడ దొరుకుతాయి?

ఎమ్మార్‌పల్లి అమ్మ:
మా వాడు ఏడో తరగతి. ఐదు ఖనిజాలు తెచ్చి, ఒక్కోదాని లక్షణాలు, ఉపయోగాలు రాసుకుని సోమవారం రమ్మన్నారంట. ఆన్‌లైన్‌లో కిట్ రేటు చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. మా ఆయనేమో పక్కన ఇల్లు కడుతున్న చోట ఒక గ్రానైట్ ముక్క, ఒక తెల్లరాయి ఏరుకొచ్చి ఇంకేం కావాలంటున్నారు. ఆ గ్రానైట్‌లో ఏదో పసుప్పచ్చగా మెరుస్తోంది, వాడు బంగారమని పట్టుకుని వదలడం లేదు. అసలు గ్రానైట్ ఖనిజమేనా? తెల్లరాయి ఏదో ఎట్లా తెలుస్తుంది? అలిపిరి వైపు పోయి నాలుగు రాళ్లు తెచ్చుకుంటే పనైపోతుందా?

జియాలజీ పిచ్చోడు:
అక్కా, కొండ జోలికి పోవద్దు. అది అడవి, రాళ్లు ఏరితే ఫారెస్టు వాళ్లతో తంటా, పైగా కొండంతా సాలగ్రామమే అని పెద్దోళ్లు చెప్పే మాట ఉండనే ఉంది. కావాలంటే ఘాట్ రోడ్డులో పోయేటప్పుడు చూపించండి: కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి) పొరలు, ఆ రెండూ కలిసే చోట దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతు, అంటే ఆ కాలం నాటి రాళ్లే అక్కడ లేవు. జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది, మనం మాత్రం కిటికీలోంచి కోతుల్ని చూస్తాం.

గ్రానైట్ ఖనిజం కాదు, శిల. కానీ ఆ ఒక్క ముక్కలోనే మీకు మూడు ఖనిజాలు ఉన్నాయి. బూడిద రంగులో గాజు మెరుపుతో ఉండేది క్వార్ట్జ్, అదే మన పలుగురాయి. తెల్లగానో గులాబీగానో ఉండి, పగిలినచోట చదునుగా తళుక్కుమనేది ఫెల్‌స్పార్. మూడోది అభ్రకం, మీ వాడి బంగారం అదే అయ్యుంటుంది, ఎండకీ వానకీ నానిన నల్ల అభ్రకం అట్లా పసుపు తిరుగుతుంది. గుండుసూదితో గీకి చూడమనండి, రేకులుగా ఊడొస్తే అభ్రకం. బంగారం రేకులుగా లేవదు, నొక్కుకుపోతుంది.

తెల్లరాయికి వంటింటి చాకు చాలు. గట్టిగా గీస్తే రాయి మీద గాడి పడి తెల్లపొడి రాలితే కాల్సైట్ లాంటి మెత్తటిది, నిమ్మరసం చుక్క వేస్తే బుడగలు కూడా రావచ్చు. అట్లా కాకుండా చాకే అరిగి, రాయి మీద పెన్సిల్ గీసినట్టు బూడిద చార మిగిలితే పలుగు. రాయి గట్టిదనం కొలిచే 1812 నాటి మోస్ స్కేలు ఇదే లెక్క: టాల్క్ 1, కాల్సైట్ 3, పలుగు 7, వజ్రం 10. రంగును మాత్రం నమ్మొద్దు, పలుగే తెల్లగా, ఊదాగా, గులాబీగా ఎన్ని రకాలో.

చిత్తూరు పాలిషింగ్:
పైన అన్న చెప్పింది కరెక్టే, కానీ ముక్క మామూలు బూడిద రంగుదో గులాబీదో అయితేనే. నల్ల గ్రానైట్ అని మేం అమ్మేది చాలావరకు డోలరైట్ అనే వేరే నల్లరాయి, అందులో పలుగు వెతికితే దొరకదు.

కుప్పం కుర్రోడు:
బంగారం మాటొచ్చింది కాబట్టి. మా వైపు చిగురుకుంట, బిసానత్తంలో ఉన్నది కోలార్ బంగారు గనుల రాతి పట్టీ కొనసాగింపే. ఆ రాయిలో టన్నుకు కొన్ని గ్రాములే ఉంటుంది, కంటికి ఆనదు. బాగా కనిపించి మురిపించేది చాలాసార్లు పైరైట్, బంగారంలా మెరిసే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. టైల్ వెనక గరుకు వైపు రుద్దండి, పైరైట్ అయితే ఆకుపచ్చ కలిసిన నల్లచార, బంగారమైతే పసుపు చార.

జియాలజీ పిచ్చోడు:
మిగతా రెండూ అంగట్లోనే. తెల్ల రాతి బలపం కొనండి, అది టాల్క్ ఉన్న మెత్తటి రాయి, గోటితో గీసినా గీత పడుతుంది. పౌడరు, పెయింట్, కాగితం తయారీలో వాడతారు. నాటు మందుల కొట్లో సైంధవ లవణం గడ్డ అడగండి, నెమ్మదిగా కొట్టి పగలగొడితే ముక్కలు నలుచదరంగా విడిపోతాయి. అభ్రకానికి కరెంటు పారదు, వేడికి కాలదు, అందుకే ఇస్త్రీ పెట్టెలో పెట్టేవాళ్లు, గూడూరు అభ్రకానికి మంచి పేరు. ఫెల్‌స్పార్ పింగాణీకి, టైల్స్‌కి పోతుంది.

ఎమ్మార్‌పల్లి అమ్మ:
చాకు మీదే మచ్చ పడింది, మా అత్తగారు చూడలేదు కాబట్టి సరిపోయింది. అయితే పలుగే. దానికి ఉపయోగం గాజు అని రాస్తే చాలా?

జియాలజీ పిచ్చోడు:
గాజుతో పాటు గడియారం కూడా రాయించండి. చేతి గడియారంలో చిన్న క్వార్ట్జ్ ముక్క కరెంటు తగిలితే సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, సెకన్ల ముల్లు ఆ లెక్కతోనే కదులుతుంది.