కొమ్ము నల్లనటియా, కొమ్మ నల్లనటియా?

తాటాకు:
ఓరుగల్లు స్థానిక చరిత్ర చదవదలచిన ఒక మిత్రునికి పుస్తకాల పట్టిక రాసి ఇస్తున్నాను. ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము, కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్ర, కాకతీయుల మీద పరబ్రహ్మశాస్త్రిగారి గ్రంథం చేర్చాను గాని, వల్లభరాయని పేర ఉన్న తెలుగు నాటకం క్రీడాభిరామాన్ని చేర్చవచ్చునా అన్న దగ్గర చేయి ఆగింది. రాజుల సంగతి చెప్పే పుస్తకాలు ఎన్ని ఉన్నా, ఆ ఊరి పూటకూటి ఇంట్లో రూక ఇస్తే విస్తట్లో ఏమేమి పడేవో చెప్పేది అదే కదా. ఇంతలో అందులో లక్ష్మణవజ్ఝల ఇంట రూకకు దొరికే భోజనాన్ని వర్ణించే పద్యం గుర్తుకు వచ్చి, మూడో పాదం దగ్గర నిన్నటి నుంచి వేధిస్తోంది. "బప్పును గొమ్మ నల్లనటిపండ్లును" అని నోటికి వస్తోంది. అనటి అంటే అరటి, సరే. ఆ "కొమ్మ" ఏమిటో పెద్దలు చెప్పగలరు.

ద్రుతము:
అది కొమ్మ కాదు, కొమ్ము. అరటికి గెల ఉంటుంది, అత్తం ఉంటుంది, కొమ్మ ఎక్కడిది?

అరసున్న:
ద్రుతముగారు అంత తొందరగా తీర్పు చెప్పకుండా ఉండవలసింది. "గొమ్ము నల్లనటి" అన్నా, "గొమ్మ నల్లనటి" అన్నా అక్కడ గురువు, లఘువు, గురువే వస్తాయి కనుక ఉత్పలమాల రగణానికి లోటు లేదు. పదో అక్షరం "పం" కనుక "బ"తో యతికీ లోటు లేదు. ఛందస్సు ఇరుపక్షాలకూ సాక్ష్యం చెబుతోంది. రాసేవాడు "మ్మ" కింద ఒక కొమ్ము మరచినా, లేనిది తగిలించినా పాఠం మారిపోతుంది. ఈ తగాదా అంతా కొమ్ముకు కొమ్ము ఉందా లేదా అన్నదే. కావ్యభాషలో కొమ్మ అంటే స్త్రీ కూడా కనుక, "ఓ కొమ్మా" అని సంబోధన కాకూడదా?

ద్రుతము:
కాకూడదు. అక్కడ తిరుగుతున్నది గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి. భోజనం సంగతి మాట్లాడుకుంటున్న ఆ ఇద్దరిలో ఎవరిని కొమ్మా అని పిలవమంటారు?

నాగులేరు:
నేను చిన్నప్పుడు విన్న అర్థం వేరు. పండు బాగా మాగితే ముందు నల్లబడేది దాని కొన, అంటే కొమ్ము. కాబట్టి "కొమ్ము నల్ల అనటిపండ్లు" అంటే కొన నల్లబడేదాకా మాగిన పండ్లు. పచ్చివి వడ్డించి రూక పుచ్చుకునే ఇల్లు కాదు అది అని కవి భావం. పద్యమంతా ఆ తీరులోనే నడుస్తుంది చూడండి. నెయ్యి ఉత్త నెయ్యి కాదు, "గ్రొత్తగ గాచిన యాల నే". పెరుగు ఉత్త పెరుగు కాదు, "లప్పలతోడ గ్రొంబెరుగు". ప్రతి పదార్థానికీ ఒక మెచ్చుకోలు అంటిపెట్టుకుని ఉండగా అరటిపండుకు మాత్రం ఒట్టి రంగు చెప్పి ఊరుకుంటాడా?

అరసున్న:
మెచ్చుకోలే కావాలంటే, తమిళంలోను మలయాళంలోను నల్ల అంటే మంచి అని అర్థం. ఆ నల్లయే ఇది కావచ్చు.

ద్రుతము:
తెలుగు కావ్యాల నుంచి ఆ అర్థంలో ఒక్క ప్రయోగం చూపితే ఒప్పుకుంటాను. నల్ల, అనటి కలిసి "నల్లనటి" కావడానికి అత్తునకు సంధి బహుళమన్న సూత్రం చాలు. దానికి అరవం అరువు అక్కరలేదు. "కొమ్ము" దగ్గర మాత్రం నాకు వేరే అనుమానం ఉంది. పసుపు కొమ్ము, అల్లం కొమ్ము అంటాము కదా. "కొమ్మునల్ల"లో అల్లం దాగి ఉందేమో.

నాగులేరు:
అల్లమూ అనటిపండ్లూ కలిస్తే "అల్లమనటిపండ్లు" కావాలి. ఆ మకారం ఎటు పోయింది? వ్యాకరణం ఇతరులకే గాని తమకు కాదా? పైగా అదే పాదంలో నాలుగైదు నంజులు, అంటే అన్నంలో నంజుకునేవి, పక్కనే ఉండగా అల్లం వాటిలో చేరుతుంది గాని, అరటిపండుతో జత కట్టదు.

ఒక్క మాట. ఈ రుచి చూస్తే క్రీడాభిరామం వల్లభరాయనిది కాదు, శ్రీనాథునిది అన్న వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వాదం వైపే నా మనసు మొగ్గుతుంది. "తింత్రిణీపల్లవయుక్తమౌ నుడుకు బచ్చలిశాకము జొన్నకూటితో మెల్లన నొక్క ముద్ద దిగమ్రింగుము" అని, చింతచిగురు వేసిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడమని శ్రీకృష్ణుడినే సవాలు చేసిన శ్రీనాథుని నాలుక, ఈ పద్యం మొదట వచ్చే కప్పురభోగి అనే సన్నబియ్యపు అన్నం దగ్గర ఇలాగే పరవశించి ఉంటుంది. పల్నాటి జొన్నకూడు తిన్నవాడికే సన్నబియ్యం విలువ తెలుస్తుంది.

అరసున్న:
జొన్నకూడు తిట్టినవాడల్లా శ్రీనాథుడైతే ఆయన చాటువులకు అంతుండదు. మా వల్లభరాయనికి ఆకలి వేయదా?

తాటాకు:
నా పట్టిక సంగతి మరుగున పడింది. నాటకానికి మూలం రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనలకు లొంగింది. తెలుగు చేసిన కవి ఆ తరవాతివాడు. అప్పుడు ఈ విస్తరి మూలంలోని ఓరుగల్లుదా, తెలుగు కవి తన కాలంలో తిన్నదా? సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కాకతీయుల కాలానికి ఈ గ్రంథాన్ని ధారాళంగా వాడుకున్నారు కనుక, ఆ ధైర్యంతో నేనూ చేర్చవచ్చునా?

ద్రుతము:
చేర్చండి, కాని చివరి వరసలో, "కావ్యం" అని పక్కన రాసి చేర్చండి. "కొమ్ము" అనే రాయండి.

నాగులేరు:
మొదటి వరసలోనే చేర్చండి. కర్త పేరు దగ్గర శ్రీనాథుడు అని రాయండి.

అరసున్న:
కర్త సంగతి తరవాత చూడవచ్చు. "నాలుగు నైదు నంజులు" అంటే నాలుగో ఐదో అనా, రెండూ కలిపి తొమ్మిది అనా? రూకకు తొమ్మిదైతే ఆ ఇల్లు ఎన్నాళ్ళు నడిచి ఉంటుంది?