షూటౌట్ల కాలు జారి డబుల్ టచ్ (కొట్టినోళ్లకే బంతి రెండుసార్లు తగులుడు) అయితే, వీడియో లేకుండ ఎట్ల తేల్చాలె?

హనుమకొండల ఆడపిల్లల ఫుట్‌బాల్ ఫైనల్ ఉన్నది. డ్రా అయితే షూటౌటే, అంటే పెనాల్టీ కిక్కులతోని గెలుపు తేల్చుడే. రెఫరీ అనుభవమున్న అన్నలు, అక్కలు జర చెప్పండి.

2025 జులై 27న బాసెల్‌ల జరిగిన మహిళల యూరో ఫైనల్ యాదికి తెచ్చుకోండి. ఇంగ్లండ్ తొలి కిక్ కొట్టేటప్పుడు బెత్ మీడ్ జారింది, బంతి రెండు కాళ్లకూ తగిలి గోల్‌లకు పోయింది. కావాలని చేసింది కాదు కాబట్టి మళ్ల కొట్టించిన్రు. ఈసారి స్పెయిన్ కీపర్ కాటా కోల్ ఆపింది. చివరికి ఇంగ్లండే 3-1తో గెలిచింది, అది వేరే ముచ్చట. అదే బంతి గోల్ కాకపోతే ఇంకో అవకాశం లేదు, మిస్ కిందనే లెక్క.

అక్కడ వీడియో ఉన్నది. ఇక్కడ ఒక అసిస్టెంట్ గోల్‌లైనూ, గోల్ ఏరియా గీతా కలిసే కాడ నిలబడి కీపర్ పాదం చూడాలె. ఇంకొకరు సెంటర్ సర్కిల్ల పిల్లల కాడ. మరి కిక్ కొట్టేటోళ్ల ఆనించిన కాలు మీద కన్ను రెఫరీదే కదా. ఏ కోణంల, ఎంత దూరంల నిలబడితే రెండో టచ్ కానొస్తది? బంతి గిర్రున తిరిగే తీరును నమ్మొచ్చా?

ఇంకోటి: మొరం నేల, వాన పడితే పెనాల్టీ కొట్టే 11 మీటర్ల గుర్తు కాడ నాలుగైదు కిక్కులకే గుంత పడ్తది. షూటౌట్ మొదలైనంక నేల గానీ గోల్ గానీ పనికిరాకుండ పోతేనో, భద్రత కోసమో మాత్రమే అవతలి గోల్‌కు మారొచ్చు. గుంతల ఇసుక నింపాల్నా, తడి మొరం వేసి దిమ్మిసతో కొట్టాల్నా? ఇసుకల కాలు ఇంకింత జారుతదని నా అనుమానం.