పశువైద్య పీజీ ఎం.వి.ఎస్సీలో ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు), బయోకెమిస్ట్రీ (శరీరంలోని రసాయన చర్యలు) చదవొచ్చా, వైద్యం చేసే క్లినికల్ సబ్జెక్టులకే పోవాలా?

అమలాపురం కుర్రాడు:
ఇంటర్న్‌షిప్ అయిపోవచ్చింది. పీజీలో ఫిజియాలజీ గానీ బయోకెమిస్ట్రీ గానీ తీసుకోవాలని ఉంది. ఇంట్లో ఒకటే టెన్షన్. "గేదె ఈనలేక అవస్థ పడుతుంటే నిన్నెవరు పిలుస్తార్రా" అంటున్నారు మా బాబాయి. మీ సలహా కావాలండి.

కొత్తపేట డాక్టరు:
నా ఓటు మీ బాబాయి గారికే. గైనకాలజీయో సర్జరీయో చేసినవాడు ఉద్యోగం రాకపోయినా బండి మీద నాలుగు ఊళ్లు తిరిగి ఇల్లు గడుపుకుంటాడు. మీరు చెప్పే సబ్జెక్టులకు కాలేజీ పోస్టే గతి. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి... ఖాళీ పడేదాకా ఎన్నేళ్లు కూర్చుంటారు?

రావులపాలెం ఫిజియాలజీ:
నేను ఈ సబ్జెక్టులోనే పీజీ చేశానండి, ఊరుకోలేక రాస్తున్నాను. మన డెల్టాలో గేదెకు వరిగడ్డే ఆధారం. అందులో భాస్వరం బాగా తక్కువ. బాగా పాలిచ్చే ముర్రా గేదె ఈనిన కొన్ని వారాలకు ఒక పొద్దున కాఫీ డికాషన్ రంగులో మూత్రం పోస్తుంది. పిడుదుల వల్ల వచ్చే బెబీసియా జ్వరం అనుకుని కొందరు ఆ మందే వేసేస్తారు. థర్మామీటరు పెడితే జ్వరం ఉండదు. కనురెప్ప తిప్పితే తెల్లగా పాలిపోయి ఉంటుంది. రక్తంలో భాస్వరం పడిపోతే ఎర్రకణం గ్లూకోజు నుంచి తనకు శక్తినిచ్చే ఏటీపీ తయారు చేసుకోలేదు. పొర నిలవక కణం పగిలిపోతుంది, హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగుతుంది. ఎక్కించాల్సింది సోడియం యాసిడ్ ఫాస్ఫేట్. ఆ తర్వాత తవుడు, మినరల్ మిక్చర్‌తో మేత సరిచేయకపోతే వచ్చే ఈతలో మళ్లీ ఇదే గోల. మొదటి ఏడాదిలో చదివి, పరీక్ష రాసి, అందరం వదిలేసే పాఠమిది!

పెరవలి లేయర్ ఫారం:
డాక్టరు గార్లకు నమస్కారం. ఎండాకాలం పెంకు పల్చబడి గుడ్లు ట్రేల్లోనే పగులుతుంటే కాల్షియం పెంచి చూశాం, ఫలితం లేదు. కోడి ఎండకి రొప్పితే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి, పెంకుకి కావలసిన బైకార్బనేట్ తగ్గుతుందని ఒక బయోకెమిస్ట్రీ సారు చెప్పారు. నీళ్లలో తినే సోడా, షెడ్డు మీద స్ప్రింక్లర్లు, చల్లపూటే మేత. అలా నష్టం తగ్గిందండి.

కొత్తపేట డాక్టరు:
చదువుకి విలువ లేదని నేననలేదు. ఆ సారుకి ఫీజు ఇచ్చారా? మా సూదికైతే ఇస్తారు.

పెరవలి లేయర్ ఫారం:
ఇవ్వలేదండి. అడగలేదు ఆయన.

రావులపాలెం ఫిజియాలజీ:
డాక్టరు గారి మాట కాదనలేను. దాణా, మందుల కంపెనీల్లో తీసుకుంటారు గానీ అందరికీ దొరకవు. కానీ తప్పు సబ్జెక్టుది కాదండి. ప్రాంతీయ పశువైద్యశాలల్లో రక్తంలో కాల్షియం, భాస్వరం చూసే ఏర్పాటు పెట్టి, మా చదువు చదివినవాళ్లను అక్కడ వేయాలి. ఇది మనమందరం కలిసి అడగాల్సిన విషయం.

అమలాపురం తమ్ముడూ, జీతం వెంటనే కావాలంటే క్లినికల్‌కే వెళ్లు, తప్పేం లేదు. ఇటు వస్తే మాత్రం థీసిస్ ఎలకల మీద వద్దు, మన గేదెల మీద పెట్టుకో. వేసవిలో మూగ ఎద తీసుకో. ఎదకొచ్చినా గేదె అరవదు, మానం నుంచి జారే తీగలూ సరిగ్గా కనిపించవు, రైతుకి అదును తప్పిపోతుంది. పది రోజుల తేడాతో రెండుసార్లు పాలలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను చూస్తే అండాశయం పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. చేరేముందు గైడు గారిని కలిసి, ఈ పరీక్షకి ల్యాబులో కిట్లు ఉన్నాయో లేదో కనుక్కో. సెలవుల్లో ఏదో ఒక ఆసుపత్రికి వెళ్తూ ఉండు, చేతిపని పోగొట్టుకోకు.